ఇంటు అంటే తప్పు

ఈ మధ్య నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. చేసేవాళ్లంతా పాతికేళ్ల లోపు వాళ్లు. తాత పెట్టెలో పాత కెమెరా దొరికింది అంకుల్, రీలు హైదరాబాదులో దొరుకుతుంది, ఇంట్లో ఉన్న ఫ్లాషు దీనికి పడుతుందా అని అడుగుతారు. బాన్సువాడలో ఒకాయనకు తెలుసని ఎవరో చెప్పారట. ఆ ఒకాయన నేనే. బస్టాండు పక్క సందులో దాదాపు ముప్ఫై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. ఇప్పుడు నా పనంతా పెళ్లికి ముందు జంటలను నిజాంసాగర్ డ్యాము గేట్ల ముందు నిలబెట్టి నవ్వమనడమే. అయినా పాత సామాను ఒక్కటీ పారేయలేదు.

మొదట్లో ఓపిగ్గానే చెప్తాను. కెమెరా పక్కన కందిగింజంత బొక్క ఉందేమో చూడు, ఉంటే ఫ్లాషు తీగ అందులో గుచ్చాలి. మొన వదులైతే వెలగదు, బిగుతు చూసుకో. పాత ఫ్లాషును కొత్త డిజిటల్ కెమెరాకు మాత్రం తగిలించకు, దాని కరెంటు దెబ్బకు లోపల మాడిపోవచ్చు. ఇంతవరకూ నా గొంతు బాగానే ఉంటుంది. తర్వాత పుల్ల దగ్గరికి వస్తాం. కొన్ని కెమెరాలకు లెన్సు పక్కన చిన్న పుల్ల ఉంటుంది. అది జరిగే గాడికి ఒక చివర ఎం అక్షరం, ఇంకో చివర ఎక్స్ అక్షరం. అది ఎక్స్ మీద ఉండాలి, ఎక్స్ మీదే ఉండాలి, రీలు ఎక్కించే ముందు చూడు, ఎక్కించాక చూడు, ఇప్పుడు ఫోన్ పట్టుకునే చూడు అని అరుస్తాను. అవతల పిల్లలు హడలిపోతారు. ముసలాయనకు పిచ్చి అనుకుంటారు. అనుకోనీ.

ఆ అరుపు ఎక్కడినుంచి వస్తుందో పోయిన నెల ఒక అమ్మాయికి చెప్పాల్సి వచ్చింది. చెప్పాల్సిన మనిషికే చెప్పేశాక ఇంక దాచి ఏం లాభం అని ఇక్కడ రాస్తున్నాను.

ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మాట. స్టూడియో పెట్టి ఏడాది కూడా కాలేదు. బోధన్‌లో నాకు పని నేర్పిన ఉస్తాద్ దగ్గర కొన్న పాత కెమెరా ఒకటి ఉండేది. నిలువు పెట్టెలా ఉంటుంది, ముందు రెండు కళ్లు. పై కన్ను మనం చూసుకోవడానికి, కింది కన్ను రీలుకు. తల వంచి పైనున్న అద్దంలోకి చూడాలి. అందులో మనిషి నిటారుగానే కనిపిస్తాడు గానీ కుడి ఎడమలు తారుమారు. రీలుకు పన్నెండు ఫోటోలు. ఉస్తాద్ దగ్గర రెండేళ్లు ఉన్నానని గొప్పగా చెప్పుకునేవాణ్ని. నిజానికి నేర్చుకున్నది పాస్‌పోర్టు ఫోటోలు, అవీ పెద్ద బల్బుల వెలుగులో. ఫ్లాషు ఆయన ఎప్పుడూ నా చేతికి ఇవ్వలేదు.

సొంత దుకాణం పెట్టినవాడి దగ్గర ఫ్లాషు లేకపోతే ఎవరు పిలుస్తారు? నిజామాబాదులో పాతది ఒకటి కొన్నాను. దాని తీగ మొన మా కెమెరా బొక్కకు పట్టలేదు, వేరే రకం కెమెరాకు చేసిన తీగ అది. రేడియోలు బాగుచేసే ఒకతన్ని పట్టుకుని ఆ మొన కోయించి వేరేది అతికించాను. అయినా ఒకసారి వెలిగేది, ఒకసారి వెలిగేది కాదు. మొన చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి బిగించాను. అప్పుడు పదిసార్లు నొక్కితే పదిసార్లూ వెలిగింది. ఆ సంతోషంలో కెమెరా తుడుస్తూ ఆ పుల్లను మొదటిసారి గమనించాను.

పుల్ల ఎక్స్ వైపు ఉంది. నాకు అది ఎక్స్‌లా కనపడలేదు. మా బడిలో దాన్ని ఇంటు అనేవాళ్లం. లెక్కల సారు ఎర్ర సిరాతో నా నోటుబుక్కు నిండా వేసింది ఆ గుర్తే. ఒప్పయితే టిక్కు, తప్పయితే ఇంటు. పదో తరగతి మూడుసార్లు రాసి మూడుసార్లూ ఆ గుర్తు దగ్గరే ఆగిపోయినవాణ్ని. ఇంటు అంటే తప్పు, ఇటు పెట్టొద్దు అని కెమెరా చేసినవాడు హెచ్చరిక రాశాడని నాకు ఏ అనుమానమూ లేకుండా అర్థమైంది. ఎం అంటే మంచిది అయి ఉంటుందనుకున్నాను. నవ్వొస్తే నవ్వండి. గోటితో పుల్లను ఎం వైపు తోశాను, టక్కుమని పడింది. ఇన్నాళ్లు తప్పు వైపు పెట్టుకుని పనిచేశాడే అని ఉస్తాద్ మీద జాలి కూడా కలిగింది. మళ్లీ నొక్కి చూశాను. ఫ్లాషు వెలిగింది. ఇంకేం కావాలి?

ఫ్లాషు పనికి మొదటి పిలుపు బీడీలు చుట్టేవాళ్ల గల్లీ నుంచి వచ్చింది. ఒక ఇంట్లో కోడలికి శ్రీమంతం, ఏడో నెల. వాళ్ల పెళ్లికి ఫోటోలు తీయించలేదు. బీడీ కంపెనీ ఫోటో అంటించి ఇచ్చే కార్డు కూడా అత్త పేరునే ఉంది, కోడలు చుట్టినవన్నీ ఆ కార్డు మీదే పోయేవి. అందుకని కార్డు కోసమైనా ఆమె ఎప్పుడూ ఫోటో దిగలేదు. ఇరవై ఏళ్ల మనిషికి అదే మొదటిసారి.

మధ్యాహ్నం పోయాను. లోపల ఆమెను తయారుచేస్తున్నారు. ఈలోపు ఇంటి ముందు ఎండలో అత్తను, ఆడబిడ్డలను, మగవాళ్లను, పిల్లలను నిలబెట్టి నాలుగు ఫోటోలు తీశాను. తర్వాత లోపలికి పిలిచారు. ఆ అర్రకు కిటికీ లేదు, కరెంటు పోయి ఉంది. తునికాకు వాసన, పొగాకు ఘాటు. గూట్లో దీపం. పీట మీద ఆమె, చేతుల నిండా గాజులు, ఒళ్లో ఒడిబియ్యం. అటూ ఇటూ అత్తా ముత్తైదువలూ. నేను తల వంచి అద్దంలోకి చూస్తుంటే ఆమెకు నవ్వాగలేదు.

"ఫోటో తీస్తనని వచ్చి తల వంచుకుంటవేందన్నా? పెండ్లిపిల్లవు నువ్వే ఉన్నట్టున్నవ్" అన్నది.

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. అత్త కూడా నవ్వింది. నేను నవ్వలేదు, నాకది మొదటి ఫ్లాషు పని.

"కదలకు, మసకొస్తది" అన్నాను.

"మంచిగ రావాలె. రాకుంటే నీ సంగతి చెప్త" అన్నది.

ఆమె చెంప మీద మెంతిగింజంత పుట్టుమచ్చ ఉంది. నవ్వితే అది పైకి జరిగేది. అద్దంలో దాన్నే గురి పెట్టుకుని, దీపం వెలుగులో అది స్పష్టంగా కనిపించేదాకా లెన్సు తిప్పేవాణ్ని. ఎనిమిది ఫోటోలు తీశాను. ఎనిమిదిసార్లూ ఫ్లాషు పడింది, ఎనిమిదిసార్లూ గుమ్మంలో పిల్లలు కేక పెట్టారు. ఆ వెలుగు చూడనివాళ్లు ఆ ఇంట్లో లేరు. తర్వాత జరిగిందానికంతా మూలం అదే.

రీలు బస్సులో నిజామాబాదు ల్యాబుకు పంపాను. వారానికి కవరు వచ్చింది. ఎండలో తీసిన నాలుగు ఫోటోలు చక్కగా వచ్చాయి. మిగతా ఎనిమిదీ నల్లటి కాగితాలు. నెగటివ్ పట్టీ వెలుగుకు పెట్టి చూస్తే ఆ ఎనిమిది గళ్లలో గీత కూడా లేదు, కాషాయం రంగు గాజులా ఖాళీగా ఉన్నాయి. ముందు తీగను తిట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు రేడియో అతన్ని కూడా తిట్టాను. కానీ తీగ చెడితే ఫ్లాషే వెలగదు కదా. పోనీ ల్యాబువాడు పాడుచేశాడనుకుందామంటే, అదే రీల్లో నాలుగు ఎట్లా వచ్చాయి?

పన్నెండూ పట్టుకుని ఆ ఇంటికి పోయాను. అత్త బీడీల చాట పక్కన పెట్టి, ఫోటోలు నేల మీద పరిచింది. వచ్చినవి ఒక పక్క, రానివి ఒక పక్క. చాలాసేపు చూసింది.

"మావోళ్లయి మంచిగొచ్చినయ్. ఈమె ఉన్నయే రాలే" అన్నది.

నిజమే. కోడలు లేని ఫోటోలు నాలుగూ వచ్చాయి, కోడలు ఉన్నవి ఒక్కటీ రాలేదు. నేనూ అప్పటిదాకా ఆ లెక్క చూడలేదు. పక్కింటి అవ్వ ఒకామె కళ్లు చికిలించి వంగి చూసి, "లైటైతె వడ్డది గదనే. మనమందరం చూస్తిమి. లైటు వడ్డంక గూడ మనిషి వడలేదంటే, గా మనిషి ఉండేటిది గాదు" అన్నది.

అత్త తానున్న ఎండ ఫోటోను చేతిలోకి తీసుకుంది. తర్వాత కోడలి పక్కన కూర్చుని దిగిన నల్ల కాగితాన్ని తీసుకుంది.

"బయట నేనొచ్చిన. దీని పక్కన కూసుంటే నన్ను గూడ మింగింది" అన్నది.

తలుపు వెనక బీడీ ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు ఆగిపోయింది. కోడలు అక్కడే ఉంది. నేను లేచి వచ్చేశాను. ఆ రోజుకు నాకు అసలు సంగతి తెలీదు, ఆ ఒక్క రోజుకు నన్ను నేను క్షమించుకుంటాను. నాకూ భయం వేసింది, అవ్వ అన్నది నిజమేనేమో అని కూడా అనిపించింది.

నాలుగో రోజు కెమెరా, ఫ్లాషు సంచిలో వేసుకుని బోధన్ బస్సెక్కాను. ఉస్తాద్ కళ్లద్దాలు పెట్టుకుని కెమెరాను చేతిలోకి తీసుకుని మొట్టమొదట చూసింది ఆ పుల్లనే.

"దీన్ని ఎవరు జరిపిండ్రు?"

"నేనే ఉస్తాద్. ఇంటు పెట్టి ఉన్నది గద, తప్పేమో అని..."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. తొడలు కొట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తర్వాత నల్ల కాగితాలు చూసి నవ్వు ఆపేశాడు.

"ఎం అంటె ఎనకట ఒక్కసారి వెలిగి మాడిపోయే ఫ్లాషు బల్బులకురా. గా బల్బు మెల్లగ అంటుకుంటది. అందుకని కెమెరా దానికి ముందుగాల కబురు చెప్పి, కొంచెమాగి కన్ను తెరుస్తది. నీ ఫ్లాషు కబురందంగనే వెలిగి ఆరిపోతది. సుట్టం వచ్చి తలుపు కొట్టి ఎల్లిపోయినంక నువ్వు తలుపు తీసినవ్."

"మరి బయట తీసినయి ఎట్లొచ్చినయ్?"

"ఎండ యాడికి పోతదిరా? పొద్దుగూకెదాక గడపలనె ఉంటది." కెమెరా నా ఒళ్లో పెట్టాడు. "పో. ఇయ్యాల్నే పోయి చెప్పు. మల్ల తియ్యి."

బస్సులో తిరిగొస్తూ ఆ అత్తకు చెప్పాల్సిన మాట మనసులో వల్లె వేసుకున్నాను. అవ్వా, తప్పు నాది, పుల్ల తిప్పి పెట్టిన. ఎంత చిన్న మాట. బస్టాండులో దిగేసరికి నా దుకాణం ముందు కోటగిరి నుంచి వచ్చిన రైతు ఒకాయన నిలబడి ఉన్నాడు. కొడుకు పెళ్లికి ఫోటోలు మాట్లాడుకుందామని వచ్చాడు. నాకు దొరికిన మొదటి పెళ్లి అది.

"ఎన్మిది ఫోటోలు కరాబైనయంట గదన్నా? కెమెరా ఎట్లున్నది?" అని అడిగాడు.

"కెమెరాకేమైతది? ఎండల తీసినయి చూడు, ఎంత మంచిగొచ్చినయో" అని ఆ నాలుగు ఫోటోలు చూపించాను.

ఆయన చూసి తల ఊపి, "అయితె తప్పు గా మనిషిదే అన్నట్టు" అన్నాడు. నేను కాదనలేదు, అవుననలేదు. పెళ్లి నాకే ఇచ్చాడు. నేను చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు, చూసుకోండి. ఆ పూట ఆ గల్లీకి పోలేదు. మర్నాడూ పోలేదు. ఒక రోజు ఆలస్యమైన మాటను రెండో రోజు చెప్పడం ఎంత కష్టమో, అట్లా ఎప్పుడైనా ఆలస్యం చేసినవాళ్లకే తెలుస్తుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

పదిహేను రోజులకు ఆమే వచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఒక్కతే. నేను బల్ల మీద పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్నాను. గొంతు విని గుర్తుపట్టాను.

"అన్నా, నేనొక్కదాన్నే ఎందుకు రాలేదన్నా?"

నేను కత్తిరిస్తూనే ఉన్నాను.

"మల్లొక్కసారి తియ్యరాదన్నా? వచ్చిందంటె మా అత్తకు చూపిస్త. రోజు నన్ను గదే మాట అంటున్నది."

కెమెరా నా వెనక బల్ల మీదే ఉంది. అందులో రీలు ఉంది. పుల్ల ఎక్స్ మీద ఉంది. స్టూలు మీద కూర్చోబెట్టి ఒక్కసారి నొక్కితే అయిపోయేది. కానీ ఇప్పుడు తీస్తే వస్తుంది. వస్తే, అప్పుడు ఎందుకు రాలేదని అడుగుతారు. అడిగితే నా పేరు పోతుంది, కోటగిరి పెళ్లి పోతుంది. ఇదంతా ఆలోచించడానికి నాకు ఒక ఫోటో నాలుగు అంచులు కత్తిరించినంత సేపు పట్టింది.

"రీలు లేదమ్మా. తర్వాత చూద్దాం" అన్నాను.

"అయితె తప్పు నాదేనా అన్నా?"

"లైటైతె వడ్డది గద. అందరు చూసిర్రు" అన్నాను.

ఆమె కొంచెంసేపు నిలబడింది. నేను తల ఎత్తలేదు. బల్ల కింద నుంచి ఆమె కాళ్లు మాత్రం కనిపించాయి. ఉబ్బి ఉన్నాయి. చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగాయి, మెట్టెలు వేళ్లలో మునిగిపోయాయి. తర్వాత ఆ కాళ్లు తిరిగి గడప దిగి పోయాయి.

తొమ్మిదో నెల నిండకముందే నొప్పులొచ్చాయి. దవాఖానకు తీసుకుపోదామని భర్త అంటే, ఎట్లన్న పొయ్యేదాన్నే గద, ఇంట్లనే ఉండనీయిర్రి అని ఆమే అన్నదట. పొద్దున వచ్చిన నొప్పులకు సాయంత్రం ఆటో తెచ్చారు. ఆడపిల్ల పుట్టింది, దక్కింది. తల్లి దక్కలేదు. దవాఖానకు ముందే పోతే బతికేదో లేదో నాకు తెలీదు, నేను డాక్టర్ని కాను. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఇంట్లో గడిచిన ఆ గంటల్లో నా చేయి ఉంది. అది మాత్రం నాకు తెలుసు.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. ఆమె పోయాక నా కెమెరాకు పేరొచ్చింది. ఫోటోల్నే రాలే, గప్పుడే తెల్సిపోయింది అని ఊరంతా చెప్పుకున్నారు. ఏడో నెల పడగానే కోడళ్లను, కూతుళ్లను నా దగ్గరికి తీసుకొచ్చేవాళ్లు. ఒక్క ఫోటో తియ్యన్నా, వస్తదో రాదో చూద్దాం అనేవాళ్లు. నేను తీసేవాణ్ని. ఫోటో చేతిలో పెట్టగానే ఆ తల్లుల ముఖాలు విచ్చుకునేవి, నాకు మిఠాయి పెట్టేవాళ్లు. నాలుగైదేళ్లు ఆ మిఠాయిలు తిన్నాను. పుల్ల ఎక్స్ మీద ఉందో లేదో మూడుసార్లు చూసుకునే అలవాటు ఆ రోజుల్లో పట్టుకుంది.

పోయిన నెల మధ్యాహ్నం పూట ఒక అమ్మాయి దుకాణంలోకి వచ్చింది. నిండు కడుపు, ఏడో నెలో ఎనిమిదో నెలో. నవ్వలేదు గానీ గడప లోపల ఆ కాళ్లు నిలబడిన తీరు నాకు తెలిసినదే.

"బీర్కూర్ నుంచి వచ్చిన మామా" అన్నది. "నన్ను ఎరుకపట్టవు నువ్వు. మా అమ్మ నిన్ను అన్నా అని పిలిచిందట. గందుకే మామా అంటున్న."

స్టూలు జరిపాను. కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. అత్తగారింట్లో శ్రీమంతం పెట్టుకున్నారు, ఫోటోగ్రాఫర్‌ను బుక్ చేశారు. పెంచిన నాయనమ్మ మాత్రం ఫోటో దిగితే నా మీద ఒట్టే అని ఏడుస్తోంది. వచ్చిందా సరే, రాకుంటే ఎట్ల అంటోందట. ఇప్పుడంతా డిజిటల్ కదా అవ్వా అంటే వినదు.

"నాకు నమ్మకాల్లేవు మామా. నేను డిగ్రీ చదివిన. కానీ రాత్రి నిద్ర వడ్తలేదు. ఒకవేళ నేను గూడ రాకుంటే అని అనిపిస్తది." తల దించుకుంది. "మా అమ్మ నెగటివ్ ఉన్నదా నీ దగ్గర? నల్లగున్నా ఫర్వాలేదు. ఫోన్ల యాప్ ఉన్నది, పాతవన్ని సాఫ్ చేస్తది. కొంచెం మొఖం కనవడ్డా సాలు."

నెగటివ్ ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకే డబ్బాలో ఉంది. తీసి ఇచ్చాను. ఫోన్ వెలుగు మీద పెట్టి చూసింది. ముందు నాలుగు గళ్లలో తన నాయనమ్మను గుర్తుపట్టింది. తర్వాతి గళ్లను ఒక్కొక్కటీ కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎనిమిదో దాని దగ్గర ఆగి, మళ్లీ మొదటికి వెళ్లింది.

"అందుల ఏం లేదు బిడ్డా. యాప్‌కు గూడ ఏం దొరకది" అన్నాను. "దా, ఒకటి చూపిస్త."

ఆ కెమెరా, ఆ ఫ్లాషు, ఆ తీగ ఇప్పటికీ పనిచేస్తాయి. నెలకోసారి సెల్లులు వేసి వెలిగించి, మళ్లీ తీసి పెడతాను. లోపలి గదిలో లైటు తీసేశాను. కెమెరా వెనక తలుపు తెరిచి, రీలు ఉండే చోట ఆమెను కన్ను పెట్టమన్నాను. ఫ్లాషును గోడ వైపు తిప్పి, పుల్లను ఎక్స్ మీద పెట్టి నొక్కాను.

"ఏం కనవడ్డది?"

"తెల్లగ. గుండ్రంగ వెలుగు."

పుల్లను ఎం వైపు తోసి మళ్లీ నొక్కాను. గది అంతా ముందులాగే వెలిగి ఆరింది.

"ఇప్పుడు?"

"ఏం లేదు. లైటు వడ్డట్టు తెలిసింది గాని, లోపల చీకటే." కెమెరా నుంచి కన్ను తీసింది. "మల్ల కొట్టు మామా."

మళ్లీ కొట్టాను. ఐదారుసార్లు కొట్టించుకుంది. చివరి రెండుసార్లూ పుల్లను తనే తన గోటితో జరిపింది. తర్వాత గోడకు ఆనుకుని నిలబడింది.

"గింతేనా? గీ పుల్లనా?"

"గంతే బిడ్డా. ఇంటు అంటె తప్పనుకున్న."

ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను, ఉస్తాద్ నవ్వినట్టు. నవ్వలేదు.

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"అదే నెల. బోధన్ పోయి అడిగిన."

"గప్పటికి మా అమ్మ..."

"ఉన్నది."

ఇంక ఆపలేదు. కోటగిరి రైతు సంగతి చెప్పాను. ఆమె దుకాణానికి వచ్చిందని చెప్పాను. ఏం అడిగిందో, నేనేం అన్నానో మాట మార్చకుండా చెప్పాను. మిఠాయిల సంగతి కూడా చెప్పాను. ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

"పద, మీ అవ్వకు చెప్త. ఇప్పుడే పోదాం. ఆమె కాళ్లు పట్టుకుంట" అని చెప్పులు వేసుకున్నాను.

"వద్దు" అన్నది. "కోడలు రాతనే గట్ల రాసుకొచ్చిందని ఇన్నేండ్లు నిమ్మలంగ ఉన్నది. ఇప్పుడు నువ్వు చెప్తే, తను అన్న మాటలన్ని యాదికొస్తయ్. ఎనబై ఏండ్ల ముసల్ది, తట్టుకోది. నువ్వు చెప్పుకునుడు నీ మంచికే మామా, ఆమె మంచికి గాదు."

చెప్పులు విడిచేశాను.

"బీర్కూర్ల ఫోటోలు దిగుత" అన్నది. "అవ్వకు నేనే ఏదో ఒకటి చెప్పుకుంట. నాకైతె ఇగ భయం లేదు."

సంచి భుజానికి వేసుకుని గడప దాకా పోయింది. బస్సుకు ఇంకా సమయం ఉంది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

"ఒక్క మాట మామా. మా అమ్మ చెంప మీద పుట్టుమచ్చ ఉండెనట. అవ్వ కుడి అంటది, మేనత్త ఎడమ అంటది. నాయినను అడిగితె యాదికి లేదంటడు. నువ్వు ఎన్మిదిసార్లు గురి పెట్టి చూసినవ్ గద. ఏ పక్క ఉండె?"

కళ్లు మూసుకున్నాను. వెంటనే కనిపించింది. దీపం వెలుగు, గాజులు, నవ్వుకు పైకి జరిగే మెంతిగింజ. అద్దంలో అది ఎటు ఉందో కూడా కనిపించింది. కానీ అద్దంలో కుడి ఎడమలు తారుమారు. ఈ పని చేసేవాళ్లం మనసులోనే తిప్పేసుకుంటాం, అది అలవాటైపోతుంది. నాకు గుర్తున్నది అద్దంలో చూసినదా, తిప్పుకున్నాక మిగిలినదా తేలలేదు. చీకటి అర్రలో ఆమెను అద్దంలో తప్ప నేను సరిగా చూడనే లేదు. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పబోయి తడబడ్డాను.

"అద్దం సంగతి పోనీ మామా" అన్నది ఆమె. "నీ దుకాణానికి వచ్చింది గద. పట్టపగలు, గిట్లనే నీ ఎదురుంగ నిలవడ్డది గద. గప్పుడు ఏ పక్క ఉండె?"

"సూడలే బిడ్డా" అన్నాను. "తల ఎత్తలే."